గంపగుత్తకు ఒప్పుకున్న బోయింగ్: మీరు రాయని సగం కథ

సంపాదకులకు నమస్కారం.

బోయింగ్ కట్టిన, మనుషుల్ని అంతరిక్షానికి మోసే క్యాప్సూల్ స్టార్‌లైనర్ మీద మీ పత్రికలో వచ్చిన వార్తలు మొదటి నుంచీ చదువుతున్నాను. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ ఓ వారం పది రోజుల పనికని అందులో అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్‌కి వెళ్లి 286 రోజులకు తిరిగొచ్చేదాకా మీరు రోజుకో ముక్క వేశారు. ఆవిడ ఏం తింటోంది, జుట్టు ఎలా తేలుతోంది, గుజరాత్‌లో వాళ్ల నాన్నగారి ఊళ్లో పూజలు ఎలా జరుగుతున్నాయి, అన్నీ చదివాం, కాదనను. ఆవిడ మస్క్ కంపెనీ స్పేస్‌ఎక్స్ బండిలో దిగాక కథ ఇంకోలా మారింది, మస్క్ మేధావి, బోయింగ్ మొద్దు, అంతే. ఈ రెండు కథల్లోనూ నాకు అసలు విషయం కనిపించలేదు. అది రేటు విషయం, ఇంకా సూటిగా చెప్పాలంటే టెండర్ విషయం. బాలానగర్‌లో ముప్పై ఏళ్లు చిన్న మెషిన్ షాపు నడిపినవాణ్ణి, టెండర్ కాగితాల మీద సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి అరిగినవాణ్ణి, కాబట్టి ఉత్తరం పొడుగైతే ఏమీ అనుకోకండి. కత్తిరించక తప్పదనుకుంటే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి, చివర మాత్రం ముట్టుకోకండి.

2011 జులైలో అమెరికా స్పేస్ షటిల్ ఆఖరిసారి దిగింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు వాళ్లకి తమ మనుషుల్ని పైకి పంపే సొంత బండి లేదు. రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కునేవాళ్లు. బేరమాడే దిక్కు లేదని తెలిశాక రష్యావాళ్లు రేటు పెంచుకుంటూ పోయారు, చివరికి ఒక్క సీటు దాదాపు 9 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. పండగ ముందురోజు ప్రైవేటు బస్సు టికెట్టు కొన్నవాళ్లకి ఇది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అప్పుడు నాసా ఒక కొత్త పద్ధతి పట్టుకుంది. అంతకుముందు అపోలో నుంచి షటిల్ దాకా దాదాపు అంతా, ఆ తర్వాత చంద్రుడి యాత్రలకు కట్టిన ఒరాయన్ క్యాప్సూల్ కూడా, ఒకే లెక్క: నువ్వు కట్టు, అయిన ఖర్చు మేమిస్తాం, పైన ఇంత లాభం ఇస్తాం. ఈ లెక్కలో ఆలస్యమైతే కాంట్రాక్టర్‌కి పెద్దగా పోయేదేమీ లేదు. రోజుకూలీకి మేస్త్రీని పెట్టుకుంటే గోడ ఎన్ని రోజులు లేస్తుందో ఇల్లు కట్టించిన ప్రతివాడికీ తెలుసు. కొత్త పద్ధతిలో నాసా ఏమందంటే, నలుగురిని స్టేషన్‌కి తీసుకెళ్లి క్షేమంగా తీసుకురావాలి, భద్రతకు మా షరతులు ఇవీ, బండి ఎలా కడతావో నీ ఇష్టం, రేటు ముందే చెప్పు, దాటితే నీ జేబులోంచి. మన భాషలో గంపగుత్త.

2014 సెప్టెంబర్ 16న ఇద్దరికి ఇచ్చారు. బోయింగ్‌కి 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కి 260 కోట్ల డాలర్లు. పని ఒకటే, ట్రిప్పుల లెక్కా ఒకటే. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా నమ్మరు, ఎక్కువ తీసుకున్నది వెనకబడినవాడే. మూడో పోటీదారు సియెర్రా నెవాడా, చిన్న రెక్కల విమానంలాంటి డ్రీమ్ చేజర్‌తో వచ్చినవాళ్లు, మాకెందుకు ఇవ్వలేదని ఫిర్యాదు చేశారు, 2015 జనవరిలో అది కొట్టేశారు. ఆ రోజుల్లో అమెరికన్ కాంగ్రెస్‌లో కొంతమంది అసలు ఇద్దరెందుకు, డబ్బు దండగ, ఒక్కరికే ఇచ్చెయ్యండని పట్టుబట్టారు. ఒక్కరికే అయితే ఎవరికి వెళ్లేది? వందేళ్ల కంపెనీకా, అప్పటిదాకా ఒక్క మనిషినీ ఎక్కించని పన్నెండేళ్ల కంపెనీకా? ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగి ఆలోచించమని మీ పాఠకులకు చెప్పాల్సింది, ఎవరూ చెప్పలేదు.

బోయింగ్ చేసిన తప్పు ఇంజనీరింగ్ తప్పు అంటారు. నేను ఒప్పుకోను. ఇంజనీరింగ్ తప్పులు అందరూ చేస్తారు, స్పేస్‌ఎక్స్ ఇంకా పెద్దవి చేసింది, దాని సంగతికి వస్తాను. బోయింగ్ తప్పు ఏమిటంటే, గంపగుత్తకు సంతకం పెట్టి, రోజుకూలీ అలవాటుతో పని చేసింది. పనివాళ్లు అవే, లెక్కలు అవే, ఎక్కడెక్కడో ఉన్న సరఫరాదారులు అవే, పై అధికారుల ధీమా కూడా అదే, ఎలాగో నాసా చూసుకుంటుందిలే అని. ఆ ధీమా మరీ ఉత్తదేం కాదు. మూడో ట్రిప్పు నుంచి ఆరోదాకా షెడ్యూల్‌లో సందు వస్తుందని చెప్పి, స్థిర ధర అని రాసుకున్న కాంట్రాక్టు మీదే నాసా ఇంకో 28.7 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఇది నేనంటున్న మాట కాదు, 2019 నవంబర్‌లో నాసా సొంత తనిఖీ అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, ఇచ్చిన నివేదికలో ఉంది. రెండో కంపెనీకి అలాంటి అవకాశం ఇవ్వలేదనీ, అందులో చాలా సొమ్ము ఇవ్వక్కర్లేదనీ కూడా ఆ నివేదికలోనే ఉంది. సీటు లెక్క కూడా అందులోనే వేశారు, బోయింగ్‌లో 9 కోట్లు, స్పేస్‌ఎక్స్‌లో 5.5 కోట్లు. అంటే రష్యావాడి రేటు భరించలేక మొదలుపెట్టిన పనిలో ఒకడు మళ్లీ రష్యావాడి రేటుకే వచ్చాడు.

డబ్బులు ఎక్కడ మిగిల్చుకోవాలని చూశారో చూడండి. 2019 డిసెంబర్‌లో మనుషులు లేకుండా స్టార్‌లైనర్‌ని మొదటిసారి పంపారు. లోపలి గడియారం రాకెట్ దగ్గర్నుంచి టైమ్ తప్పుగా తీసుకుంది, పదకొండు గంటల తేడా. పాపం ఆ క్యాప్సూల్ తను ఎక్కడో ముందుకి వెళ్లిపోయానని అనుకుని ఇంధనం ఊదేసింది, స్టేషన్‌ని చేరకుండానే దిగింది. నేలమీద ఇది ఎందుకు దొరకలేదంటే, ప్రయోగం నుంచి స్టేషన్‌కి అతుక్కునేదాకా సాఫ్ట్‌వేర్‌ని ఒక్క ఊపున పరీక్షించకుండా ముక్కలుముక్కలుగా పరీక్షించారు. ఒక్క ఊపున చేస్తే పాతిక గంటలు దాటుతుందట. ఆ పాతిక గంటల కోసం రెండోసారి ఉత్త ప్రయోగం సొంత ఖర్చుతో చేయాల్సి వచ్చి 41 కోట్ల డాలర్లు పుస్తకాల్లో నష్టం రాసుకున్నారు. రాకెట్ గాల్లో ఉండగా ప్రమాదం వస్తే క్యాప్సూల్ తప్పించుకోగలదా అనే పరీక్ష ఉంది కదా, స్పేస్‌ఎక్స్ 2020 జనవరిలో తన ఫాల్కన్ రాకెట్‌నే నిజంగా పంపి, అది గాల్లో ఉండగానే క్యాప్సూల్ తప్పించుకుని బయటపడటం చూపించింది, ఆ తర్వాత రాకెట్ పేలిపోయింది. బోయింగ్ దాన్ని కాగితం మీద లెక్కలతో నిరూపిస్తామంది. నేలమీంచి చేసిన పరీక్షలో మూడు పారాచూట్లలో ఒకటి తెరుచుకోలేదు, పిన్ను సరిగ్గా పెట్టలేదు కాబట్టి. మా షాపులో కుర్రాడు స్ప్లిట్ పిన్ను మరిచిపోతే నేను అరిచిన అరుపులు గుర్తొచ్చాయి.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పాలి, చెబితేగానీ తర్వాతది అర్థం కాదు.

చాలా ఏళ్ల కిందట ఒక బల్క్ డ్రగ్ కంపెనీ, పేరు వద్దు, వాల్వులు చేసిమ్మని గంపగుత్తకు ఆర్డర్ ఇచ్చింది. పెద్ద ఆర్డర్. నేను ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు చెప్పినవాణ్ణి, కావాలని రేటు బాగా తగ్గించి కోట్ చేశాను. బాడీ స్టీలు, లోపల టెఫ్లాన్ సీటు. డ్రాయింగ్‌లో ఎలా ఉందో అలా చేశాం, నీళ్లతో ప్రెషర్ టెస్టు పాస్. ప్లాంటులో పెట్టాక మూడో వారం ఫోన్, వాల్వు సరిగ్గా తెరుచుకోవట్లేదు, ధార సగమే వస్తోంది. విప్పి చూస్తే టెఫ్లాన్ రింగు వేడికి ఉబ్బి దారిలోకి పొడుచుకొచ్చింది, అప్పడం నూనెలో వేస్తే అంచు లేస్తుంది చూడండి, అలా. పక్కన వేడి పైపు వెళ్తోందనీ దాని వేడి దీనికి తగులుతుందనీ డ్రాయింగ్‌లో ఎక్కడా లేదు. నేనూ అడగలేదు. అడిగితే రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే ఆర్డర్ పోతుంది, అదీ నా తెలివి. మొత్తం మళ్లీ చేసిచ్చాను. ఆ ఏడాది మా ఆవిడ పేరు మీదున్న ప్లాటు అమ్మాను, ఆ ప్లాటు ఇప్పుడెంతో నన్ను అడక్కండి.

అందుకే 2024 వేసవిలో స్టార్‌లైనర్ గురించి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. స్టేషన్ దగ్గరికి వెళ్తుండగా దిశ మార్చే చిన్న ఇంజిన్లు, థ్రస్టర్లంటారు, అయిదు ఆగిపోయాయి, మొత్తం 28లో. హీలియం లీకులు వేరే. నాలుగు తిరిగి పనిచేశాయి గానీ కారణం కావాలి కదా. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో అలాంటి థ్రస్టర్‌నే నేలమీద కాల్చి చూస్తే, లోపల టెఫ్లాన్ సీలు వేడికి ఉబ్బి ఆక్సిడైజర్ (ఇంధనం మండటానికి కావాల్సిన ద్రవం) దారికి అడ్డొస్తున్నట్టు తేలింది. థ్రస్టర్లని మూసిన గూళ్లలో గుంపులుగా కలిపి పెట్టారు, ఆ గూడుని డాగ్‌హౌస్ అంటారట, ఒకటి కాలితే పక్కదానికి సెగ. దానికి మూడేళ్ల ముందు, 2021 ఆగస్టులో, లాంచ్‌ప్యాడ్ మీదే 13 వాల్వులు బిగుసుకుపోయిన కథ కూడా టెఫ్లాన్ దగ్గరే మొదలైంది. ఆక్సిడైజర్ సీలులోంచి ఊరి, గాల్లో తేమతో కలిసి ఆసిడ్ అయి, అల్యూమినియాన్ని తినేసింది. ఇంజిన్లు చేసిన కంపెనీ వేరు, గూడు చేసిన కంపెనీ వేరు. ఎవరి డ్రాయింగ్ వాళ్లకి కరెక్టే. పక్కన వేడి పైపు ఉందని ఎవరు ఎవరికి చెప్పాలి అన్నదే ప్రశ్న, అది బాలానగర్‌లో అయినా ఫ్లోరిడాలో అయినా.

స్పేస్‌ఎక్స్ దగ్గరికి వస్తాను. అభిమానులు తిట్టుకోకండి. 2019 ఏప్రిల్ 20న వాళ్ల క్యాప్సూల్ నేలమీద టెస్టులో పేలి తునాతునకలైంది, అదీ అంతకు నెలన్నర ముందే స్టేషన్‌కి వెళ్లొచ్చిన క్యాప్సూల్. రాకెట్ ఇంజిన్ల మీద నేలమీద నిలువుగా దిగుతామని మొదట గొప్పలు చెప్పి 2017లో ఆ ఆలోచన మానేసి, బుద్ధిగా పారాచూట్లతో సముద్రంలోనే దిగారు. మానేయడం కూడా ఒక నిర్ణయమే, నన్నడిగితే మంచి నిర్ణయం. తేడా ఏమిటంటే, వాళ్ల దగ్గర అప్పటికే సామాన్లు మోసే డ్రాగన్ క్యాప్సూల్ ఉంది, 2012 నుంచి స్టేషన్‌కి తిరుగుతోంది. రాకెట్ వాళ్లదే, ఇంజిన్ వాళ్లదే, వాల్వు పేలితే ఫోన్ పక్క బిల్డింగుకే. 2020 మే 30న మనుషులు ఎక్కే డ్రాగన్‌లో ఇద్దరిని ఎక్కించి పంపారు. మరుసటి ఏడాదే వాడిన రాకెట్‌ని, వాడిన క్యాప్సూల్‌నే మళ్లీ వాడతామంటే నాసా సరేనంది. ఆ తర్వాత నాసా కాంట్రాక్టు పెంచుకుంటూ పోయి 14 ట్రిప్పులకు మొత్తం 493 కోట్ల డాలర్లయింది. బోయింగ్ ఆరు ట్రిప్పులకు అడిగిన 420 పక్కన పెట్టి చూడండి. పైగా అదే బండిలో బయటి గిరాకీ, ఇన్‌స్పిరేషన్4 అని, యాక్సియమ్ అని ప్రైవేటు యాత్రలు. మన శుభాంశు శుక్లా 2025 జూన్ 25న వెళ్లింది అందులోనే, ఆ సీటుకి మన ప్రభుత్వం సుమారు 550 కోట్ల రూపాయలు పెట్టిందని మీ పత్రికలోనే చదివాను. తండ్రి హైదరాబాద్ నుంచి వెళ్లిన రాజా చారి 2021లో కమాండర్‌గా నడిపిందీ అందులోనే.

బోయింగ్‌కి ఆ గిరాకీ ఆలోచన లేకపోలేదు. 2010లోనే ఒక పర్యాటక కంపెనీతో సీట్లు అమ్మే ఒప్పందం చేసుకుంది. కానీ దాని క్యాప్సూల్ ఎక్కేది అట్లాస్ 5 రాకెట్, అది యూఎల్ఏ అనే కంపెనీది, అందులో బోయింగ్‌కి సగం వాటా. ఆ రాకెట్‌కి ఇంజిన్ రష్యాది. రష్యా క్రిమియాని ఆక్రమించిన గొడవ తర్వాత రష్యా ఇంజిన్లు వద్దనుకుని యూఎల్ఏ కొత్త రాకెట్‌కి మారిపోయింది, 2021 ఆగస్టులో అట్లాస్‌లు అన్నీ అమ్ముడైపోయాయి ఇక కొత్త ఆర్డర్లు తీసుకోమంది. ఇంకా మనిషే ఎక్కని బండికి ఎడ్లు ముందే అమ్ముడైపోయాయి! నాసా ట్రిప్పులకని పక్కన పెట్టుకున్నవి తప్ప ఇంకో ట్రిప్పు వేయాలంటే కొత్త రాకెట్‌కి మనుషుల్ని ఎక్కించే అనుమతి తెచ్చుకోవాలి, దానికి డబ్బెవరు పెడతారు? స్టార్‌లైనర్ మీద ఇప్పటికే 200 కోట్ల డాలర్ల పైన నష్టం రాసుకున్న కంపెనీ పెడుతుందా? 2025 నవంబర్‌లో నాసా కాంట్రాక్టు కుదించింది, ఆరు ఖాయం అన్నవి నాలుగయ్యాయి, వాటిలో మొదటిది మనుషులు లేకుండా సామాన్లతోనే. స్టేషనేమో 2030 దాకానే అంటున్నారు. ఇలాంటి స్థిర ధర కాంట్రాక్టుల జోలికి ఇకమీదట తొందరపడి వెళ్లం అని బోయింగ్ పెద్దలే చెబుతున్నారు. ఆలస్యంగానైనా ఒక టెండర్ వదిలేయడం నేర్చుకున్నారు, నాకూ ప్లాటు పోయాకే వచ్చింది ఆ విద్య.

అందుకే ఈ మొత్తం కథలో తెలివైన వ్యాపార నిర్ణయం ఎవరిదంటే మస్క్‌ది అనను. ఇద్దరికీ ఇద్దాం అన్న నాసాది. 2024 ఆగస్టు 24న, వీళ్లని స్టార్‌లైనర్‌లో దించం, డ్రాగన్‌లో దించుతాం అని చెప్పగలిగారంటే పక్కన డ్రాగన్ ఉంది కాబట్టి. సెప్టెంబర్ ఆఖర్లో వెళ్లిన క్రూ-9 అనే డ్రాగన్ ట్రిప్పులో నలుగురికి బదులు ఇద్దరే వెళ్లారు, రెండు సీట్లు వీళ్ల కోసం ఖాళీ. ఆ రెండు సీట్లలో వెళ్లాల్సిన ఇద్దరు ఆడ వ్యోమగాములు, ఏళ్ల తరబడి శిక్షణ తీసుకుని, ఆగిపోయారు. వాళ్ల గురించి ఒక్క ముక్కయినా వేశారా మీరు?

అదే నాసా చంద్రుడి ల్యాండర్ దగ్గరికొచ్చేసరికి 2021 ఏప్రిల్‌లో ఒక్కరికే ఇచ్చింది, కాంగ్రెస్ డబ్బు సరిపడా ఇవ్వలేదని. స్పేస్‌ఎక్స్ 289 కోట్ల డాలర్లు, జెఫ్ బెజోస్ బ్లూ ఆరిజిన్ 599 కోట్లు, డైనెటిక్స్ అనే మూడో కంపెనీ 908 కోట్లు. ఓడిపోయాక బెజోస్ నాసాకి బహిరంగ లేఖ రాశాడు, 200 కోట్లు నేను వదులుకుంటాను నాకూ ఇవ్వండని. కవర్లు తెరిచాక రేటు తగ్గిస్తానంటే మన మున్సిపాలిటీ గుమస్తా కూడా నవ్వుతాడు. ఫిర్యాదు కొట్టేశారు, కోర్టుకెళ్తే అక్కడా ఓడాడు. తగ్గించే వెసులుబాటు ఉన్నవాడు మొదటి కవర్లోనే ఎందుకు తగ్గించలేదు? రెండు కాంట్రాక్టులు ఇస్తారు, ఒకటి మనకి గ్యారంటీ అనుకున్నాడని నా అనుమానం. మళ్లీ అదే ధీమా. రెండేళ్లకి, 2023 మేలో, రెండో ల్యాండర్‌కి 340 కోట్లతో అతనికీ ఇచ్చారు, అంతకన్నా ఎక్కువ సొంత డబ్బు తను పెట్టుకుంటానని ఒప్పుకున్నాకే.

ఇప్పుడు మాత్రం స్టేషన్‌కి అమెరికా నుంచి మనుషుల్ని తీసుకెళ్లే బండి మళ్లీ ఒక్కటే అయింది. దాని సంగతి 2025 జూన్ 5న తెలిసొచ్చింది. ట్రంప్‌తో మాటామాటా పెరిగి మస్క్ సోషల్ మీడియాలో డ్రాగన్‌ని ఆపేస్తానన్నాడు, కొన్ని గంటలకి వెనక్కి తీసుకున్నాడు. ఆ కొన్ని గంటలు నాసా వాళ్ల టెన్షన్ ఊహించుకోండి. అప్పటికి మన శుక్లా గారి ప్రయాణానికి వారం కూడా లేదు, జూన్ 10 అనుకుంటున్నారు, తర్వాత వాయిదాలు పడింది. 550 కోట్లు పెట్టి సీటు కొన్నవాళ్లం మనం, మన సీటు ఎవరో ఇద్దరి కోపతాపాల మీద ఊగిందన్న కోణం నాకు ఏ తెలుగు పత్రికలోనూ కనపడలేదు. సోయజ్ రోజుల్లో రేటు పెంచినవాడు రష్యావాడు, అంతే తేడా.

మన గగన్‌యాన్‌కి ఈ పోటీ గొడవ లేదు, బండీ రాకెట్టూ ఇస్రోవే, ఎగరేది శ్రీహరికోట నుంచే. కానీ దాని వెనకాల చిన్న చిన్న భాగాలు చేసిపెట్టే షాపులు మా బాలానగర్, చర్లపల్లి చుట్టుపక్కల బోలెడు. ఆ షాపులవాళ్లని ఎప్పుడైనా అడిగి రాయండి, ఎల్1 కోసం రేటు ఎంతవరకు తగ్గిస్తారు, పక్కన వేడి పైపు ఉందా అని అడిగే ధైర్యం ఎవరికైనా ఉందా అని. అడిగినవాడికి ఆర్డర్ పోకుండా చూసే పద్ధతి కొనేవాళ్ల దగ్గర ఉందా అని కూడా.

ఇంకొక్క సంగతి. 2024 సెప్టెంబర్ 7న స్టార్‌లైనర్ ఖాళీ సీట్లతో వైట్ శాండ్స్ ఎడారిలో చక్కగా దిగింది. కానీ పాడైన ఆ థ్రస్టర్లు ఉన్నది వెనక సర్వీస్ మాడ్యూల్‌లో. దిగేముందు దాన్ని విడగొట్టి వదిలేస్తారు, వాతావరణంలో కాలిపోతుంది. కాబట్టి ఆ ప్రయాణంలో ఉబ్బిన అసలు సీళ్లు ఎవరి చేతికీ రాలేదు. నాది మాత్రం ఉంది. టేబులు కింది డ్రాయర్‌లో, పాత బిల్లు పుస్తకాల పక్కన, అగ్గిపెట్టెలో పెట్టి. మీ విలేకరి ఎవరైనా ఇటు వస్తే చూపిస్తాను. ఆదివారం షాపు మూసి ఉంటుంది, మిగతా ఏ రోజైనా పదకొండు తర్వాత రమ్మనండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
బాలానగర్, హైదరాబాద్.